మూడు లక్షల లోపు మనుషులం: ములుగు జిల్లాకు రాబోయే జనగణన సిబ్బందికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర జనగణన అధికారులకు, మా మండలాల తహసీల్దార్లకు, 2027 ఫిబ్రవరిలో ఫోను చేత పట్టుకుని ఇంటింటి లెక్క రాసుకోవడానికి మా గూడేలకు రాబోయే ఎన్యూమరేటర్ మిత్రులకు నమస్కారం.

నేను బడిపంతులుగా పనిచేసి రిటైరయినవాడిని. 1991, 2001, 2011 జనగణనల్లో మూడుసార్లు ఈ అడవి దారుల్లో సంచీ తగిలించుకుని తిరిగాను. 2021లో జరగాల్సినది కోవిడ్ వల్ల వాయిదా పడి, పడి, చివరికి 2027 మార్చి 1 నాటి లెక్కగా మారింది. ఈసారి నాకు పిలుపు రాదు. వచ్చినా మోకాళ్లు ఒప్పుకోవు. అందుకని తిరగబోయేవాళ్లకు నాలుగు మాటలు రాసి పెడుతున్నాను. ఇందులో కొన్ని విన్నపాలు, ఒకటి రెండు ఫిర్యాదులు, చివర్లో నా తప్పు ఒకటి ఉన్నాయి.

ముందుగా మీరు వస్తున్న చోటు గురించి చెబుతాను. ములుగు జిల్లా వైశాల్యం దాదాపు 3,900 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో ఇక్కడి గ్రామాలన్నీ కలిపితే జనం 3 లక్షల లోపే. చదరపు కిలోమీటరుకు 80 మంది కూడా ఉండరు. రాష్ట్ర సగటు 312. హైదరాబాదు జిల్లా 217 చదరపు కిలోమీటర్లలో 39 లక్షల మందిని ఇరికించుకుని కూర్చుంది. అక్కడ ఒక అపార్టుమెంటులో లిఫ్టు ఎక్కి దిగితే మీకు లెక్కకు అప్పగించిన బ్లాకులో సగం పని అయిపోతుంది. ఇక్కడ అదే పని కోసం రెండు వాగులు, ఒక గుట్ట దాటాలి. జిల్లాలో సగానికి పైగా అడవే. 2011 నాటికి జిల్లాలో ఒక్క మున్సిపాలిటీ కూడా లేదు.

ఆ 2011 లెక్కల్లో ‘ములుగు జిల్లా’ అనే మాట మీకు ఎక్కడా కనబడదు. అప్పటికి ఈ జిల్లా పుట్టలేదు. మేమంతా 35 లక్షల జనాభా ఉన్న వరంగల్ జిల్లాలో ఒక మూల. గోదావరి అవతలి వాజేడు, నూగూరు వెంకటాపురం వాళ్లు 28 లక్షల ఖమ్మం జిల్లాలో మరో మూల. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పై ఒకటి అయినప్పుడు అందరం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో కలిశాం. 2019 ఫిబ్రవరి 17న అక్కడి నుంచి విడిపోయి ములుగు జిల్లా అయ్యాం. ఇప్పుడు మా జనాభా అని చెబుతున్న అంకె, పాత పుస్తకంలోంచి ఊరు ఊరుకూ గీత గీసి కూడిన కూడిక. కన్నాయిగూడెం 2016లో ఏటూరునాగారం నుంచి విడివడి మండలమయింది. ఆ తర్వాత మల్లంపల్లి కూడా మండలమయింది. ఈ రెండింటికీ మండలంగా సొంత జనగణన లెక్క ఇంతవరకు లేదు. ఈసారి వస్తే అదే మొదటిది.

సరిహద్దులు మారడం మాకు కొత్త కాదు. నూగూరు వైపు చూడండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆ ప్రాంతం మొదట మధ్య పరగణాల్లో (సెంట్రల్ ప్రావిన్సెస్‌లో) ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి ఏజెన్సీకి మార్చారు. తర్వాత తూర్పు గోదావరి జిల్లా, 1959లో ఖమ్మం, 2016లో జయశంకర్, 2019లో ములుగు. తొంభై ఏళ్ల ముసలమ్మ గుమ్మం ముందు నులక మంచం మీద కూర్చుని, మంచం జరపకుండానే నాలుగు జిల్లాలు, మూడు రాష్ట్రాలు, ఒక ప్రెసిడెన్సీ చూసింది. ఇప్పటికీ ఆ రెండు మండలాల వాళ్లు పనుల మీద ములుగు కలెక్టరేటుకు వస్తారు, ఓటు మాత్రం భద్రాచలం అసెంబ్లీ నియోజకవర్గంలో వేస్తారు. ములుగు నియోజకవర్గంలో ఉన్న కొత్తగూడ, గంగారం మండలాలేమో మహబూబాబాద్ జిల్లాలో ఉన్నాయి. పటం మీద గీతలు గీసినవారికి ఏదో లెక్క ఉండే ఉంటుంది. మాకు మాత్రం ఏ అర్జీ ఎక్కడ ఇవ్వాలో తెలుసుకునే సరికి గీత మళ్లీ జరుగుతుంది.

పేర్ల సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోకుండా. జిల్లాలో రామప్ప గుడి ఉన్న మండలం వెంకటాపూర్. గోదావరి అవతల, ఛత్తీస్‌గఢ్ అంచున ఉన్న మండలం వెంకటాపురం. చివర కొద్దిపాటి తేడా, అంతే. మధ్యలో అడవి, నది, దాదాపు వంద కిలోమీటర్ల దారి. మేము ఒకదాన్ని రామప్ప వెంకటాపూర్ అని, మరోదాన్ని నూగూరు వెంకటాపురం అని పిలుచుకుంటాం. కంప్యూటర్ అలా పిలవదు. ఒకరి కాగితం మరొకరి కట్టలో కలవడం నేను కళ్లారా చూశాను. కోడు సంఖ్య ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఇక అసలు విషయం.

చిన్న సంఖ్య ఉన్న చోట పది మంది తప్పిపోవడం చిన్న విషయం కాదు. పెద్ద నగరంలో పదివేల మంది లెక్కలోంచి జారిపోయినా దశాంశ స్థానంలో కలిసిపోతారు. మా దగ్గర పది మంది తప్పితే ఒక రోడ్డు తప్పిపోతుంది. ఇది మాట వరసకు అంటున్నది కాదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద మైదాన ప్రాంతాల్లో ఒక నివాసానికి రోడ్డు రావాలంటే 500 మంది ఉండాలి, గిరిజనుల కోసం ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 250 మంది చాలు. ఆ 250 జనగణన లెక్క ప్రకారం చూస్తారు. 246 అని రాసి ఉంటే ఆ నలుగురు ఆ రోజు ఎక్కడికి వెళ్లారని ఎవరూ అడగరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మైదానంలో 30 వేల జనాభా, గిరిజన ప్రాంతంలో 20 వేలు. ఉపకేంద్రానికి మైదానంలో 5 వేలు, ఇక్కడ 3 వేలు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు ప్రత్యేక పంచాయతీలు అయినప్పుడూ 500 అన్న గీతే కొలబద్ద. మా బతుకుల్లో ఎన్నో సంగతులు ఇలా ఏదో ఒక గుండ్రని అంకెకు ఇవతలో అవతలో నిలబడి ఉన్నాయి.

నేను 2011లో వెళ్లిన ఒక గూడెం నాకు బాగా గుర్తుంది, పేరు రాయను. ఇళ్లు నలభై చిల్లర. ఫిబ్రవరి మూడో వారం. పగలు పదకొండు గంటలకు చేరుకున్నాను. తలుపులన్నీ తడికెలు అడ్డం పెట్టి ఉన్నాయి. కుక్కలు, ఇద్దరు ముసలివాళ్లు, ఒక చంటిపిల్ల. మిగిలినవాళ్లంతా మిరప తోటల్లో ఉన్నారు. ఎవరింట్లో ఎంతమంది అని ఆ ముసలాయనను అడిగి రాసుకున్నాను. ఆయన తన వరకు నిజమే చెప్పాడు. కానీ ఆయన దృష్టిలో పెళ్లయి రెండు నెలల కిందట వచ్చిన కోడళ్లు ఇంకా ‘మన ఊరి’వాళ్లు కారు. పాలు తాగే పిల్లలు ‘మనుషుల్లో’ ఇంకా పడలేదు. ఆ సాయంత్రం మళ్లీ వెళ్లాలనుకున్నాను. వెళ్లలేదు. మరునాడు మరో ఊరు ఉంది. ఆ గూడెం అంకెలో ఎంత తేడా వచ్చిందో నాకు తెలియదు గాని, వచ్చే ఉంటుందని మాత్రం తెలుసు.

ఈసారి గణన కూడా మళ్లీ ఫిబ్రవరిలోనే. గోదావరి ఒడ్డున మంగపేట, ఏటూరునాగారం, వాజేడు, వెంకటాపురం మండలాల్లో మిరప ఎర్రబడి కల్లాలు నిండే నెల. ఆ నెలలో మా ఊళ్ల మనుషులు తెల్లవారకముందే తోటలకు పోతారు. ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు కుటుంబాలతో, పిల్లలతో, వంటగిన్నెలతో సహా వచ్చి చేను గట్టున గుడిసెలు వేసుకుని రెండు మూడు నెలలు ఉంటారు. కాయ ఏరడం అయిపోగానే వెళ్లిపోతారు. వీళ్లను ఎక్కడ రాయాలి? నియమం మీకు శిక్షణలో చెబుతారు, అయినా గుర్తుచేస్తాను. 2011లో గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ ఇరవై రోజుల్లో ఒక్క రోజయినా తన ఇంట్లో ఉన్న మనిషిని ఇంటి దగ్గరే రాసుకోవాలి. ఆ గడువు మొత్తం ఇంటికి దూరంగా ఉన్నవారిని ఎక్కడ దొరికితే అక్కడ రాసుకోవాలి. ఇల్లే లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టాలి. ఈ నియమం పుస్తకంలో చాలా చక్కగా ఉంటుంది. చేను గట్టు మీద మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ‘వీళ్లు మనవాళ్లు కాదు, అక్కడ రాసుకుంటారులే’ అని ఇక్కడి సారు అనుకుంటాడు. ‘వీళ్లు తెలంగాణ పోయారు’ అని అక్కడి సారు అనుకుంటాడు. రెండు రాష్ట్రాల మధ్య ఒక కుటుంబం మొత్తం జారి గోదారిలో పడుతుంది.

అందుకని నా మొదటి విన్నపం: మిరప తోటలున్న మండలాల్లో గణన బ్లాకుల పటం గీసేటప్పుడు, ఊరి ఇళ్లతో పాటు చేల గట్ల మీది గుడిసెలను కూడా ఎవరో ఒక ఎన్యూమరేటర్ పేరున కచ్చితంగా రాసి పెట్టండి. ‘ఆ ఇళ్లు ఎవరి బ్లాకులోవి’ అన్న ప్రశ్న ఫిబ్రవరి 27న తలెత్తకూడదు.

రెండో సంగతి కొంచెం కష్టమైనది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక, అక్కడి బస్తర్ వైపు నుంచి వేల కుటుంబాలు ప్రాణాలు అరచేత పట్టుకుని ఇటు వచ్చాయి. 2011 జూలైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం చెల్లదని తీర్పు ఇచ్చింది, కానీ వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేదు. వాళ్లనే మేము గొత్తికోయలు అంటాం. తాడ్వాయి, ఏటూరునాగారం, గోవిందరావుపేట, కన్నాయిగూడెం అడవుల్లో వాగు చెలిమె దొరికిన చోట పది ఇళ్లు, ఇరవై ఇళ్లు చొప్పున ఉంటారు. ఆ ఇళ్లు ఏ రెవెన్యూ గ్రామంలోవో చెప్పడం తహసీల్దారుకు కూడా కష్టమే. కొన్ని రిజర్వు ఫారెస్టులో ఉన్నాయి. కొన్ని రికార్డుల్లో ‘బేచిరాగ్’ అని రాసి ఉన్న గ్రామాల సరిహద్దుల్లో ఉండవచ్చు. నిజాం కాలపు మాట అది. చిరాగ్ అంటే దీపం. దీపం వెలగని ఊరు, అంటే జనం లేని ఊరు అని అర్థం. మీ జాబితాలో బేచిరాగ్ అని ఉంటే ఎవరూ లేరని అనుకుని దాటిపోకండి. ఒక సాయంత్రం ఆ దిక్కుకు చూడండి, పొగ కనబడుతుంది.

వీళ్లు మిమ్మల్ని చూసి భయపడతారు. ఫోను పట్టుకుని ఇల్లు ఇల్లు తిరిగి పేర్లు అడిగే మనిషి వాళ్ల అనుభవంలో ఫారెస్టు మనిషి లేదా పోలీసు మనిషి. గుడిసెలు పీకడానికి ముందు కూడా ఇలాగే పేర్లు రాసుకుపోయారన్న జ్ఞాపకం కొందరిలో ఉంటుంది. 1948 జనగణన చట్టం పదిహేనో సెక్షను ప్రకారం మీరు రాసుకున్న వివరాలను ఎవరూ చూడడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పెట్టడానికి వీల్లేదు. ఈ ఒక్క వాక్యం వాళ్ల భాషలో చెప్పగల మనిషిని వెంట తీసుకెళ్లండి. గూడెం పెద్దమనిషి కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు. అటవీ శాఖ వాచరును మాత్రం వెంట పెట్టుకుని వెళ్లకండి, ఆయన ఎంత మంచివాడైనా సరే.

వాళ్లు ఇక్కడ ఉండాలా వద్దా, భూమి ఇవ్వాలా వద్దా, ఈ రాష్ట్రంలో వాళ్లను షెడ్యూల్డ్ తెగగా గుర్తించాలా అన్నవి పెద్ద ప్రశ్నలు. మా ఊళ్లలోనే వాటి మీద రెండు అభిప్రాయాలున్నాయి. పాతకాలపు కోయలు కొందరికి ఇది నచ్చదు, నాకు తెలుసు. జనగణన ఆ ప్రశ్నలు అడగదు. లెక్క నాటికి ఈ నేల మీద ఎవరున్నారు అన్నంత వరకే అడుగుతుంది. ఉన్నారు. అది రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో ఒక సుడిగాలి వీచి వేలాది చెట్లు ఒకే రోజు నేలకూలాయి. రోజుల వ్యవధిలోనే అధికారులు ఎన్ని చెట్లు పడ్డాయో, ఎన్ని ఎకరాల్లో పడ్డాయో లెక్కతేల్చారు. డ్రోన్లు కూడా ఎగరేశారు. మంచి పనే చేశారు. అదే అడవిలో మనుషుల లెక్క 2011 దగ్గర ఆగిపోయి ఉందని ఆ రోజు పేపరు చదువుతూ అనుకున్నాను.

లెక్క పాతబడితే ఏమవుతుందో మా జిల్లాకు వరద నేర్పింది. 2013 జూలైలో వాజేడులో ఒక్క రోజులో 517.5 మిల్లీమీటర్ల వాన పడి రాష్ట్రంలో రికార్డు అయింది. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడి ఆ రికార్డును కొట్టేసింది. రెండు రికార్డులూ మా జిల్లావే, గొప్పగా చెప్పుకోవడానికి కాదు. అదే రోజు ఏటూరునాగారం మండలం కొండాయిని జంపన్నవాగు ముంచెత్తి ఎనిమిది మందిని తీసుకుపోయింది. వాగు అవతల ఎన్ని ఇళ్లున్నాయి, వాటిలో నడవలేనివాళ్లు ఎంతమంది, గర్భిణులు ఎంతమంది అన్నది ఆ పూట ఎవరికైనా కావలసిన మొట్టమొదటి సమాచారం. జనగణన పుస్తకంలో దొరికే జవాబు అప్పటికి పన్నెండేళ్ల నాటిది. ఆ పన్నెండేళ్లలో అప్పటి చంటిపిల్ల బడికి పోయే పిల్లయింది, అప్పటి పెద్దమనిషి మంచాన పడ్డాడు.

అందుకే నా మూడో విన్నపం రాష్ట్ర కార్యాలయానికి. గణన చేయడం మాత్రమే కాదు, లెక్కను ఏ గీతల ప్రకారం అచ్చు వేస్తారన్నది మాకు ముఖ్యం. జిల్లా సగటు మాకు దేనికీ పనికి రాదు. జాతీయ రహదారి మీద ఉన్న ములుగు, మల్లంపల్లి మండలాలను, కర్రెగుట్టల కింద ఉన్న వెంకటాపురం మండలాన్ని కలిపి సగం చేస్తే ఎక్కడా లేని ఒక మూడో ఊరు తయారవుతుంది. ఆ ఊళ్లో ఎవరూ నివసించరు. కొత్త మండలాల వారీగా, పంచాయతీల వారీగా, వీలయితే ఆవాసాల వారీగా అంకెలు ఇవ్వండి. ఒక పంచాయతీ కింద వాగుకు ఇటు ఒక గూడెం, అటు రెండు గూడేలు ఉంటాయి. వాన పడినప్పుడు అవి మూడు వేరువేరు లోకాలు. మీ పట్టికలో ఒకే వరుస. సరిహద్దులు మార్చకూడదని 2026 జనవరి 1 నుంచి గడువు పెట్టారు కాబట్టి, కనీసం ఈ ఒక్కసారికైనా గీతలు కదలకుండా నిలబడ్డాయి. ఆ అవకాశం వదలకండి. పాత 2011 అంకెలను కూడా అవే గీతల్లో సర్ది పక్కన పెడితే మేము పెరిగామో తరిగామో మాకే తెలుస్తుంది.

మంగపేట మండలం గురించి ఒక మాట. అక్కడి 23 గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తాయా రావా అన్న వివాదం కోర్టుల చుట్టూ తిరుగుతూ ఉండడంతో ఏళ్ల తరబడి పంచాయతీ ఎన్నికలు లేవు. 2025 డిసెంబరులో రాష్ట్రమంతా సర్పంచులను ఎన్నుకుంటే వాళ్లు చూస్తూ కూర్చున్నారు. ఎవరి వాదన ఏదైనా, ఆ గ్రామాల్లో ఎవరు ఎంతమంది అన్నది రెండు వైపుల వాళ్లూ కళ్లప్పగించి చూసే లెక్క. ఈసారి కులం కూడా అడుగుతున్నారు కదా, అక్కడ మీ మీద ఒత్తిడి ఉంటుంది. ఇంటివాళ్లు చెప్పింది రాయండి, ఊరివాళ్లు చెప్పింది కాదు.

సమ్మక్క సారలమ్మ జాతర సంగతి మీలో కొందరు అడుగుతారని తెలుసు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారానికి కోటి మంది దాకా వస్తారని చెబుతారు. ఆ నాలుగు రోజులు తాడ్వాయి మండలం దేశంలోని పెద్ద నగరాలతో పోటీ పడుతుంది. జాతర సరి సంవత్సరాల్లో వస్తుంది, జనగణన మాత్రం 1991, 2001, 2011, ఇప్పుడు 2027 అని బేసి సంవత్సరాల్లోనే వస్తోంది. ఇంతవరకు ఆ రెండూ ఎదురుపడలేదు. మా అదృష్టమో మీ అదృష్టమో.

ఫోనుల విషయం. ఈసారి అంతా యాప్‌లోనేనట, జనం తమంతట తామే ఇంట్లో కూర్చుని వివరాలు నింపుకోవచ్చట. వరంగల్‌లో నింపుకుంటారు. ఇక్కడ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్లున్నారు. సిగ్నల్ లేని గూడేలను చివరి రోజుకు నెట్టకండి. మొదటి వారంలోనే అక్కడికి వెళ్లండి, తప్పు జరిగితే మళ్లీ వెళ్లడానికి రోజులు మిగులుతాయి. అదనపు బ్యాటరీ పట్టుకెళ్లండి. ఒక నోటుపుస్తకం, పెన్ను కూడా సంచిలో వేసుకోండి. ఇది పాతకాలపు పంతులు చాదస్తం అనుకున్నా పరవాలేదు.

వయసులు అడిగినప్పుడు తొందరపడకండి. ఆధార్ కార్డులో చాలామందికి జనవరి 1 పుట్టినరోజు, అందరూ ఒకే రోజు పుట్టినట్టు. కార్డు చూసి రాసుకుపోవడం సులువే. కానీ ముసలివాళ్లను అడిగే పద్ధతి వేరు. ‘పెద్ద గోదారి వచ్చినప్పుడు నీకు పెళ్లయిందా?’ అని అడగండి. అది 1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, ఒడ్డు ఊళ్లలో దాన్ని మరిచిపోయినవారు లేరు. ‘అప్పుడు నా పెద్దకొడుకు చంకలో ఉన్నాడు’ అంటే మీకు ఆ కొడుకు వయసు, తల్లి వయసు రెండూ దొరికినట్టే. 2001లో ఒక ముసలమ్మ నాకు తన వయసు చెప్పమంటే గోదావరి వైపు చెయ్యి చూపించి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో వేప చెట్టు మీద గుర్తు చూపించింది. ఆ గుర్తును ఏ కాలమ్‌లో రాయాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు నా తప్పు.

2011లో మాతృభాష అనే ప్రశ్న దగ్గర నేను ఒక కోయ గూడెంలో వరుసగా పదహారు ఇళ్లకు ‘తెలుగు’ అని రాశాను. అడగలేదు. వాళ్లు నాతో తెలుగులో మాట్లాడారు, నేను తెలుగు అని రాసేశాను. పదిహేడో ఇంటి దగ్గర ఒక పిల్ల, ఆరేడేళ్లు ఉంటాయి, నా దగ్గర చదువుకునేదే, నేను రాస్తుండగా తొంగి చూసి అక్షరాలు కూడబలుక్కుని చదివింది. తర్వాత లోపలికి పోయి తల్లితో కోయలో ఏదో అంది. తల్లి నవ్వింది. ఏమన్నదని అడిగితే చెప్పలేదు. బడిలో నాతో తెలుగులో మాట్లాడే ఆ పిల్ల ఇంటికి వెళ్లి ఏ భాషలో ఏడుస్తుందో, ఏ భాషలో అన్నం అడుగుతుందో అన్నేళ్లుగా పాఠం చెబుతున్న నాకు తట్టనే లేదు. ఆ ఇంటికి కోయ అని రాశాను. వెనకటి పదహారు ఇళ్లకు వెళ్లి దిద్దలేదు. ఫారాల్లో కొట్టివేతలు కనబడితే సూపర్‌వైజరు తిడతాడని భయం.

ఆ జనగణనలో దేశం మొత్తం మీద కోయ మాతృభాషగా చెప్పినవారు 4 లక్షల పైచిలుకు అని తేలింది. ఆ సంఖ్యలో నా పదహారు ఇళ్లు లేవు. నాలాంటి పంతుళ్లు ఇంకెందరు ఇలా రాశారో. ఒక భాషలో పాఠ్యపుస్తకం వేయాలా, బడిలో ఆ భాష తెలిసిన టీచరును పెట్టాలా అని ఎవరైనా ఆలోచించినప్పుడు ముందు చూసేది ఆ అంకెనే.

మీరు ఆ గూడేనికి వెళతారు. ఇళ్లు పెరిగి ఉంటాయి, కొన్ని పక్కావి అయి ఉంటాయి. ఆ పిల్లకు ఇప్పుడు ఇరవై దాటాయి, పెళ్లయి వేరే ఊరు పోయిందో, అక్కడే ఉందో. ‘మీ మాతృభాష ఏమిటి’ అని పుస్తకంలో ఉన్నట్టు అడిగితే మళ్లీ మర్యాదకు తెలుగు అనే చెబుతారు, మీరు తెలుగు సారు కాబట్టి. అలా అడగకండి. ఇంట్లో పిల్లలతో ఏ మాట మాట్లాడతారని అడగండి. పొద్దున ఆరు లోపు వెళ్లండి, తర్వాత అందరూ తోటకు పోతారు.

ఇట్లు,
మూడు జనగణనల్లో పనిచేసిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
ఏటూరునాగారం మండలం, ములుగు జిల్లా